కర్త లేని క్రియ

గవర్నర్‌పేట, విజయవాడ.

చిరంజీవికి ఆశీస్సులు.

క్వాంటం సిద్ధాంతం మీద నువ్వు రాసిన వ్యాసం చేరి పదిహేను రోజులైంది. మీ నాన్న ఒకప్పుడు నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్నవాడు కనుక నిన్ను నువ్వు అనే పిలుస్తున్నాను. జవాబు ఆలస్యం కావడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. తొమ్మిదో పేజీలో "మనిషి తలెత్తి చూసినప్పుడే నక్షత్రం నిశ్చయమవుతుంది, అంతవరకు అది ఉండీ లేనిదే" అన్న వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. కోపంలో ఉండగా చిన్నవాళ్లకు ఉత్తరం రాయకూడదని ఆగాను.

ఆరో పేజీలో, కరెంటు పోయిన రాత్రి గుంటూరు బ్రాడీపేట మేడ మీద మీ నాయనమ్మ "ఆ చుక్కల మధ్య చీకట్లో ఏముంటుందే?" అని అడిగిన చోటు బాగుంది. దాన్ని ముట్టుకోవద్దు.

మిగిలిన పదమూడు పేజీల్లో చూసేవాడు, ద్రష్ట, పరిశీలకుడు అన్న మాటలు 31 చోట్ల వచ్చాయి. అన్నింటి కిందా పెన్సిలుతో గీత గీశాను. క్వాంటం సిద్ధాంతాన్ని తెలుగులో రాసేవాళ్లు పారిభాషిక పదాల కోసం నిఘంటువులు తిరగేస్తూ కూర్చుంటారు. కణం ఎక్కడ దొరికే అవకాశం ఎంతో లెక్కగట్టే గణిత రూపాన్ని తరంగ ప్రమేయం అనాలా, అలల ఫలం అనాలా అని తగువులాడుకుంటారు. అసలు చిక్కు నామవాచకాల్లో లేదు, క్రియల్లో ఉందని నేను నమ్ముతాను, నలభై ఏళ్లుగా అదే చెబుతున్నాను. మన భాషలో కొమ్మ విరిగింది అనవచ్చు, కొమ్మ విరిచాడు అనవచ్చు. తాడు తెగింది, తాడు తెంచాడు. మొదటి వాక్యానికి చేసినవాడు అక్కర్లేదు, రెండోదానికి వాడు లేకపోతే వాక్యమే నిలబడదు. క్వాంటం సిద్ధాంతానికి పుట్టిన రకరకాల వ్యాఖ్యానాల మధ్య భౌతికశాస్త్రవేత్తలు చేరిన 1927 నాటి సాల్వే సమావేశం నుంచీ సాగుతున్న వివాదంలో పెద్ద భాగం ఈ రెండు రకాల క్రియల మధ్య వివాదమే. నువ్వు తెలియకుండానే ఒక పక్షం చేరి, అదే సైన్సు తీర్పు అన్నట్టు రాసేశావు.

1926లో భౌతికశాస్త్రవేత్త ష్రోడింగర్ ఇచ్చిన సమీకరణం ప్రకారం తరంగ ప్రమేయం ఎక్కడా తెగకుండా సాగిపోతుంది. ఎలక్ట్రాన్ ఇక్కడా అక్కడా కూడా ఉండగల స్థితిని అది అలాగే మోసుకుపోతుంది. కొలిచినప్పుడు మాత్రం ఎలక్ట్రాన్ ఒక్క చోటే దొరుకుతుంది. ఈ రెండింటి నడుమ ఏం జరిగిందో చెప్పే క్రియ ఆ సమీకరణంలో లేదు, మనుషులు దాన్ని పక్కన చేర్చారు. చూసేవాడి వల్లే అంతా నిశ్చయమవుతుందని నువ్వు క్వాంటం సిద్ధాంత పెద్ద బోర్ నెత్తిన పెట్టిన మాట కూడా బోర్‌ది కాదు. ఆయన మాట్లాడింది కొలిచే పరికరం గురించే తప్ప చూసేవాడి మనసు గురించి కాదు. కొలతతో తరంగ ప్రమేయం హఠాత్తుగా మారి ఒక్క చోటికి కుదించుకుపోతుందన్న నియమాన్ని 1932లో గణితవేత్త ఫాన్ నాయ్‌మన్ గణితంగా పెట్టాడు. చైతన్యమే ఆ మార్పును ముగిస్తుందని 1961లో వాదించినవాడు భౌతికశాస్త్రవేత్త విగ్నర్, ఆయన కూడా తరువాతి కాలంలో ఆ వాదాన్ని వదులుకున్నాడు. ష్రోడింగర్ ఉపనిషత్తులను ఇష్టంగా చదివాడన్నది నిజమే. అయితే ఉపనిషత్తులోని ద్రష్ట చేసే పని వేరు, ప్రయోగశాలలో ఫోటోగ్రాఫు ప్లేటు చేసే పని వేరు.

ఇప్పుడు మీ నాయనమ్మ ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే నీ వ్యాసం మొత్తానికీ జవాబు అక్కడే ఉంది. ఆ చుక్కల మధ్య ఉన్నది ఉత్త చీకటి కాదు. విశ్వం మొదలైన 3,80,000 ఏళ్లకు బయలుదేరిన వెలుగు, 1380 కోట్ల ఏళ్లకు కొంచెం తక్కువ కాలం ప్రయాణం చేసి, 2.7 కెల్విన్‌లకు చల్లారి, మైక్రోవేవ్ తరంగాలుగా ఆ రాత్రి మీ మేడ మీద కూడా పడుతూనే ఉంది. ఆ వెలుగులో లక్షలో ఒక వంతు పాటి హెచ్చుతగ్గులు ఉన్నాయని 1992లో కోబె ఉపగ్రహం పట్టుకుంది. గెలాక్సీలకు విత్తనాలు ఆ హెచ్చుతగ్గులే. తొలి క్షణంలో విశ్వం విపరీతమైన వేగంతో ఉబ్బిందని చెప్పే ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతం, ఆ విత్తనాలు క్వాంటం చాంచల్యం, అంటే ఎప్పుడూ ఆగని సూక్ష్మమైన వణుకు, నుంచి పుట్టాయంటుంది. ఇక్కడ ఆగి ఆలోచించు. ఆ తొలి స్థితి అన్ని చోట్లా, అన్ని దిక్కులా ఒకేలా ఉంది. ష్రోడింగర్ సమీకరణం ఆ సమానతను తనంతట తాను చెడగొట్టదు. మరి గెలాక్సీ విత్తనం ఇక్కడ పడి అక్కడ పడకపోవడం ఎలా జరిగింది? అప్పుడు కన్ను లేదు, పరికరం లేదు, ఒక్క అణువైనా లేదు. విశ్వానికి బయట నిలబడి చూడడానికి బయట అన్నదే లేదు. తరంగ ప్రమేయం అలా హఠాత్తుగా దూకడానికి ఏకకణ జీవి పుట్టేదాకా వందల కోట్ల ఏళ్లు విశ్వం కాచుకుని ఉందా అని భౌతికశాస్త్రవేత్త జాన్ బెల్ 1990లో నిలదీసింది దీని గురించే. నీ తొమ్మిదో పేజీ వాక్యం ఈ ప్రశ్న ముందు ఒక్క నిమిషం కూడా నిలవదు.

ఈ పొరపాటు నీ ఒక్కదానిదే అయితే ఇంత రాయను. 1987లో ఒక మాసపత్రికకు ఇదే విషయం మీద వ్యాసం ఇచ్చాను. అప్పట్లో అక్షరాలను చేత్తో పేర్చేవారు. తరంగ ప్రమేయానికి వాడే గ్రీకు అక్షరం 'సై' వాళ్ల దగ్గర లేదు. బ్లాకు చేయించడానికి డబ్బు నేనే ఇస్తానన్నా వినకుండా, పంచాంగాల కోసం చేయించిన త్రిశూలం బ్లాకు ఉంటే దాన్నే సమీకరణంలో పెట్టి అచ్చు వేశారు. అంతటితో ఆగలేదు. నేను "కుదించుకుపోయింది" అని రాసిన చోట సంపాదకుడు "మనిషి చూపు సోకగానే కుదించుకుపోయింది" అని దిద్దాడు. అడిగితే, పాఠకుడికి వాక్యంలో మనిషి కనిపించాలి మాస్టారూ అన్నాడు. సమీకరణంలో శివుడున్నాడా అని అడుగుతూ పాఠకులు రాసిన పదిహేడు కార్డులు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఆ పదిహేడు మందికీ విడివిడిగా జవాబు రాశాను. ఇవాళ పుస్తకాల సంతలో క్వాంటం ధ్యానం, క్వాంటం ఐశ్వర్యం అన్న అట్టలు చూసినప్పుడల్లా ఆ ఒక్క దిద్దుబాటు గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

నా వ్యాసంలో ఆ క్రియ ఊరికే పడలేదు. దానికి ముందు సంవత్సరమే, అంటే 1986లో, గిరార్ది, రిమినీ, వెబర్ అనే ముగ్గురు ఇటలీవాళ్లు సమీకరణాన్నే కొంచెం మార్చారు. ఎవరూ కొలవకపోయినా, ప్రతి కణం తరంగం దానంతట అది, ఎప్పుడో ఒకసారి, కుదించుకుపోతుందన్నారు. ఒక్క కణానికి అది ఒకటి పక్కన 16 సున్నాలు పెట్టినన్ని సెకన్లకు ఒకసారి, అంటే 30 కోట్ల ఏళ్ల పైచిలుకుకు ఒకసారి జరుగుతుంది. అందుకే విడి ఎలక్ట్రాన్ అలలాగే మసలుతుంది. మీ ఊరి మిరప గింజ ఒక్కటి అరచేతిలో పెట్టుకో. అందులో ఉన్న కణాల లెక్కన సెకనుకు లక్షల సార్లు ఎక్కడో ఒక కణం కుదించుకుపోతుంది, దానితో పెనవేసుకున్న గింజ మొత్తం ఒక్క చోట నిలుస్తుంది. గింజ రెండు చోట్ల కనిపించకపోవడానికి నీ చూపు కారణం కాదు. కొమ్మ విరిగింది అన్నట్టే ఇదీ. తొలి విశ్వంలో కణాలే లేనప్పుడు ఈ లెక్క ఎలా వేయాలన్నది గట్టి చిక్కు. భౌతికశాస్త్రవేత్త సుదార్స్కీ, ఆయన సహచరులు 2006 నుంచి దాని మీదే పని చేస్తున్నారు.

అమెరికా భౌతికశాస్త్రవేత్త ఎవరెట్ గురించి నువ్వు రాసిన రెండు పేజీలూ సినిమా కథలా ఉన్నాయి. మన ప్రకాశం బ్యారేజీ పూర్తయిన 1957లోనే ఆయన వ్యాసమూ అచ్చయింది. అందులో ఆయన పట్టుకున్న కారణాల్లో ఒకటి విశ్వమే: మూసి ఉన్న విశ్వానికి బయటి పరిశీలకుడు ఉండడు కనుక మామూలు సూత్రీకరణ దానికి పనికిరాదన్నాడు. కుదింపు అన్న క్రియనే కొట్టేసి, సమీకరణం తెగకుండా సాగింది అన్న ఒక్క క్రియతో సరిపెట్టాడు, అంటే సాధ్యమైన ఫలితాలన్నీ జరుగుతాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రపంచంలో. అనేక ప్రపంచాలు అన్న పేరు తరువాత డివిట్ అనే మరో భౌతికశాస్త్రవేత్త పెట్టింది. ఆ డివిటే 1967లో విశ్వం మొత్తానికి రాసిన సమీకరణంలో కాలమే కనిపించదు, ఇక క్రియకు భూతకాలం ఎక్కడి నుంచి తెస్తావు? ఈ ప్రశ్న మీద నువ్వు ఒక్క పేజీ రాసి ఉంటే నీ పద్నాలుగు పేజీలనూ నెత్తిన పెట్టుకునేవాణ్ణి. ఎవరెట్ సిద్ధాంతవ్యాసాన్ని గురువు వీలర్ బాగా కత్తిరించాకే బయటకు రానిచ్చాడు. ఎవరెట్ భౌతికశాస్త్రం వదిలి పెంటగాన్ కోసం లెక్కలు కట్టే కొలువులో చేరి, 1982లో 51 ఏళ్లకే పోయాడు. కత్తిరించిన కాగితాల బాధ నాకు తెలుసు కనుక ఆయన మీద నాకు పక్షపాతం ఉంది.

ఇంకో వ్యాఖ్యానం ఉంది: భౌతికశాస్త్రవేత్త డి బ్రోలీ 1927లో మొదలుపెట్టి వదిలేసిన దారిని 1952లో బోమ్ అనే మరొకాయన తిరిగి తెరిచాడు. కణం ఎప్పుడూ ఒక్క చోటే ఉంది, అల దాన్ని నడిపింది. విశ్వం మొదట్లో ఈ నడక మనకు తెలిసిన సంభావ్యత నియమానికి ఇంకా కుదురుకోలేదేమో, ఆ జాడ మైక్రోవేవ్ వెలుగులో మిగిలి ఉంటుందేమో అని వాలెంటిని అనే శాస్త్రవేత్త వెతుకుతున్నాడు. వ్యాఖ్యానం ఉత్త వేదాంతచర్చగా మిగిలిపోకుండా ఆకాశంలో పరీక్షకు నిలబడుతుందన్న ఆశ నాకు అక్కడ కనిపిస్తుంది.

నువ్వు పూర్తిగా వదిలేసినదొకటి ఉంది, అది మీ ఇంటి గుమ్మం ముందే ఉంది. మీ నాన్న మిర్చి యార్డులో రోజూ వినే మాట "బేరం కుదిరింది". ఎవరు కుదిర్చారని అక్కడ ఎవరూ అడగరు. ఇటు నుంచి ఒక మాట వెళ్లింది, అటు నుంచి ఒక మాట వచ్చింది, కుదిరింది. 1986లోనే భౌతికశాస్త్రవేత్త క్రామర్ చెప్పిన వ్యాఖ్యానం అచ్చంగా ఇలాగే ఉంటుంది. వెలుగు బయలుదేరే చోటు నుంచి ఒక తరంగం ముందుకు వెళుతుంది, దాన్ని స్వీకరించే చోటు నుంచి మరో తరంగం కాలంలో వెనక్కి వస్తుంది, రెండూ కలిసిన చోట లావాదేవీ ముగుస్తుంది. దీని మూలం 1940ల నాటి వీలర్, ఫైన్‌మన్‌ల పని. స్వీకరించేవి ఎక్కడో భవిష్యత్తులో ఉండి తీరాలి కనుక, విశ్వం చివరికి ఏమవుతుందన్నది ఇక్కడి దీపం వెలుగుకు సంబంధించిన విషయమైపోతుంది. ఖగోళశాస్త్రవేత్త హాయిల్‌తో కలిసి మన నార్లికర్ దీన్నే విశ్వశాస్త్రానికి ముడివేశాడు. వాళ్లు నమ్మిన స్థిరస్థితి విశ్వాన్ని, అంటే మొదలూ తుదీ లేకుండా ఎప్పుడూ ఒకేలా ఉండే విశ్వాన్ని, మైక్రోవేవ్ వెలుగు నిలవనివ్వలేదు గాని, వేసిన ప్రశ్న గొప్పది. గుంటూరులో పుట్టి ఈ పోలికను వాడుకోకుండా పోయి ఎవరో వాడి పారేసిన, పెట్టెలో బతికీ చచ్చీ ఉన్న ష్రోడింగర్ పిల్లి కథతో వ్యాసం మొదలుపెట్టావు, నాకు అది నచ్చలేదు.

వ్యాసంతో పాటు నువ్వు అడిగిన నాలుగు ప్రశ్నల్లో సమీకరణాలు పెట్టాలా వద్దా అన్నదానికి మాత్రం చెబుతాను: ఒక్కటి పెట్టు, దాని కింద ప్రతి గుర్తునూ తెలుగులో విప్పి చెప్పు. మిగతావి మనం కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

పిల్లిని తీసేసి ఆరో పేజీతో వ్యాసం మొదలుపెట్టు. గీత గీసిన 31 చోట్లా చూసేవాడిని తీసి, అక్కడ నిజంగా ఏం జరిగిందో ఆ క్రియ రాసి చూడు. కొన్ని వాక్యాలు కూలిపోతాయి, కూలిపోనీ. కాగితానికి ఒక వైపే, మార్జిను వెడల్పుగా వదిలి రాయి. ఈలోగా మీ నాయనమ్మను ఇంకోసారి మేడ మీదికి తీసుకెళ్లి, ఆ చుక్కల మధ్య ఏముందో చెప్పు. వ్యాసం అచ్చయ్యేదాకా ఆమెను ఆపవద్దు.

ఆశీస్సులతో,
మీ నాన్న మాస్టారు