ఎక్స్‌పీలో 169.254 అడ్రస్ వస్తుంటే

యాంటీవైరస్ తీసేసిన దగ్గర్నుంచి పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లో నెట్ రావట్లేదు, ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే అడ్రస్) 169.254తో మొదలవుతోంది అన్నారు కదండీ. అంటే రౌటర్ నుంచి అడ్రస్ అందక విండోసే తనకు తాను ఒకటి పెట్టుకుంది. కేబుల్ గుచ్చిన చోట పచ్చ లైటు మిణుకుమంటుంటే వైరు బాగానే ఉన్నట్టు, కొత్త నెట్‌వర్క్ కార్డు మాత్రం అప్పుడే కొనకండి.

యాంటీవైరస్ పోతూ పోతూ విన్‌సాక్‌ని (ప్రోగ్రాములను నెట్‌కి కలిపే విండోస్ భాగం) చెడగొట్టి ఉంటుంది, నాకూ అచ్చం ఇలాగే అయి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. నెట్ నడిచే ప్రోటోకాల్ టీసీపీ/ఐపీని తీసేసి మళ్లీ వేద్దామంటే ఎక్స్‌పీ ఒప్పుకోదు, అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కుడే పడదు. రన్‌లో సీఎండీ కొట్టి, వచ్చే నల్ల విండోలో నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్ (netsh winsock reset) అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టి రీస్టార్ట్ చేయండి. ఈ కమాండ్ పనిచేయాలంటే ఎక్స్‌పీకి కనీసం సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్ ఉండాలి. అప్పటికీ అదే 169 కనిపిస్తే, విండోస్ సర్వీసెస్ జాబితాలో డీహెచ్‌సీపీ క్లయింట్ (రౌటర్ నుంచి అడ్రస్ తెచ్చే సర్వీస్) ఆగిపోయి ఉందేమో చూసి చెప్పండి.