కెమెరా పట్టుకుని ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ ఆసుపత్రిలో నీకు నర్సు ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం తల్లీ. కొత్త కెమెరా కూడా కొన్నావట. సెలవు రోజుల్లో అక్కడి ఆదివాసుల రోజువారీ జీవితం ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతానన్నావట. అది విన్నాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. నేను అడిలైడ్‌లో ఉంటూ ఏళ్ల తరబడి ఆ ఎడారి ఊళ్లలో క్లినిక్కులకీ, స్కూళ్లకీ, ఫుట్‌బాల్ పోటీలకీ ఫోటోలు తీసినవాణ్ణి. నిన్ను తీయొద్దని చెప్పను. కానీ నువ్వు తీసిన ఫోటో మీద అందులో ఉన్న మనిషి మాట, వాళ్ల ఇంటివాళ్ల మాట చెల్లాలి. తీసే రోజున చెల్లాలి, పదేళ్ల తర్వాతా చెల్లాలి. అది ఎలాగో చెప్పడానికే ఇదంతా.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. ఆస్ట్రేలియాలో నడిబజార్లో ఉన్న మనిషిని అడక్కుండా ఫోటో తీసినా మామూలుగా నేరం కాదు. ఆలిస్ స్ప్రింగ్స్ బజారు వీధి టాడ్ మాల్‌లో నువ్వు కెమెరా ఎత్తితే ఏ పోలీసూ వచ్చి ఆపడు. చాలామంది టూరిస్టులు అక్కడితో ఆలోచించడం మానేస్తారు. నువ్వు టూరిస్టువి కావు. ఇవాళ నువ్వు ఫోటో తీసిన అమ్మాయి వాళ్ల నాయనమ్మకి రేపు డయాలసిస్ చేసేది నువ్వే కావచ్చు.

పైగా అక్కడివాళ్లకి కెమెరాతో పాత అనుభవం ఉంది, అది మంచి అనుభవం కాదు. 1870లలో గ్రాఫ్టన్ అనే ఊళ్లో లిండ్ట్ అనే ఫోటోగ్రాఫర్ ఆదివాసులను తన స్టూడియోలో కూర్చోబెట్టి, వెనక అడవి బొమ్మ గీసిన తెర కట్టి, చేతికి ఆయుధాలిచ్చి ఫోటోలు తీశాడు. ఆ ఆల్బమ్‌లు బాగా అమ్ముడుపోయాయి. నువ్వు వెళ్తున్న ఊళ్లోనే, 1890లలో, టెలిగ్రాఫ్ స్టేషన్ నడిపిన గిలెన్, మెల్‌బోర్న్ ప్రొఫెసర్ స్పెన్సర్ కలిసి అక్కడి ఆదివాసులైన అరెర్న్‌ట ప్రజల క్రతువులను ఫోటోలు తీశారు. నమ్మకం కుదిరి పెద్దలు వాళ్లను దగ్గరికి రానిచ్చారు. తీరా చూస్తే, ఆడవాళ్లూ పిల్లలూ చూడకూడని క్రతువులు పుస్తకాల్లో అచ్చయి లోకమంతా తిరిగాయి. ఇప్పుడు మ్యూజియంలు అలాంటి ఫోటోలను అందరికీ చూపించకుండా పక్కన పెట్టి, ఎవరు చూడొచ్చో ఆ ప్రజలనే అడుగుతున్నాయి.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది 1934 నాటి ఒక పత్రిక ముక్క. డార్విన్‌లోని ఒక హోమ్‌లో ఉంచిన చిన్న పిల్లల గ్రూప్ ఫోటో అది. ఆదివాసీ తల్లులకి పుట్టి, ప్రభుత్వం వాళ్ల దగ్గర్నుంచి తీసుకెళ్లిపోయిన పిల్లలు. వీళ్లను తీసుకునే ఇళ్లు కావాలని కింద వేశారు. ఆ కాగితం మీద ఎవరో ఒక పాప దగ్గర ఇంటూ గుర్తు పెట్టి చేత్తో రాశారు. మధ్యలో ఉన్న పాప నచ్చిందట. ఆమెను ఇంకెవరైనా తీసుకుంటే మిగతావాళ్లలో ఎవరైనా పరవాలేదట, బలంగా ఉంటే చాలట. పసిపిల్లల ఫోటో ఎందుకు పనికొచ్చిందో చూడు. నువ్వు ఒక ఊళ్లో కెమెరా తీయగానే ఒక ముసలమ్మ పిల్లల్ని లోపలికి పిలుచుకుంటే నీకు కోపం రాకూడదనే ఇది చెప్తున్నాను.

అక్కడ దిగాక నీ పర్సులో రెండు డాలర్ల నాణెం ఉంటుంది, తీసి చూడు. దాని మీద గడ్డం ఉన్న పెద్దాయన బొమ్మకి ప్రేరణ గ్వోయా జుంగురాయి అనే ఆయన ముఖమే. 1935లో ఆయన్ని ఫోటో తీశారు, 1950లో అదే స్టాంపు అయింది, 1988లో నాణెం వచ్చింది. 1928లో కానిస్టన్ దగ్గర ఆదివాసులను ఊచకోత కోసినప్పుడు ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో ఆయన ఒకరు. దేశంలో ప్రతి చేతిలోకీ వెళ్లిన ఆ ముఖం చూసి ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది? కాబట్టి ఫోటో కింద 'ఆదివాసీ వృద్ధుడు' అని రాసే అలవాటు మొదట్లోనే మానుకో. పేరు రాయొచ్చా అని అడుగు. రాయమంటే స్పెల్లింగ్ కూడా వాళ్లనే అడిగి, ఏ ఊరో, ఏ భాష మాట్లాడతారో రాయి. వద్దంటే ఆ ఫోటో ఎక్కడా పెట్టకు.

ఇక పని. మొదటి కొన్ని నెలలు కెమెరా ఇంట్లోనే ఉంచు. ఆసుపత్రిలో అయితే ఎప్పటికీ బయటికి తీయకు, ఫోన్ కూడా. పేషెంటు ఒప్పుకున్నా సరే. నర్సు అడిగితే పేషెంటు కాదనలేరు కదా. ఊళ్లలోకి వెళ్లాలంటే చాలాచోట్ల, ఆదివాసుల భూముల వ్యవహారాలు చూసే సెంట్రల్ ల్యాండ్ కౌన్సిల్ పర్మిట్ కావాలి. 1976 భూహక్కుల చట్టం ప్రకారం ఆ భూములు వాళ్లవి. పర్మిట్ చేతికొచ్చిందంటే ఊళ్లోకి రానిస్తారని అర్థం, ఫోటోలకి మళ్లీ విడిగా అడగాల్సిందే.

అడగడం దగ్గరే అసలు ఓపిక కావాలి. ఎదురుగా నిలబడి కళ్లలోకి చూస్తూ అడగకు. పక్కన కూర్చో, నువ్వెవరో, ఎక్కణ్నుంచి వచ్చావో, మీ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పు. ఇండియా నుంచి వచ్చావంటే వాళ్లే నాలుగు ప్రశ్నలు వేస్తారు. మధ్యలో ఇద్దరూ మాట్లాడకుండా ఉంటే ఉండనీ, ఖాళీ నింపాలని తొందరపడకు. పెద్దవాళ్లను అక్కడ ఆంటీ, అంకుల్ అంటారు, కానీ అది గౌరవంగా పిలిచే పిలుపు. మనం పక్కింటావిణ్ణి పిలిచినట్టు మొదటి రోజే పిలిచేయకు, మిగతావాళ్లు ఏమంటున్నారో చూసి పిలువు. 'ఫోటో తీసుకోవచ్చా?' అంటే మర్యాద కోసం 'యా' అనేస్తారు. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. పోలీసు అడిగే ప్రశ్నలకి ఆదివాసులు మర్యాదకో, బెదిరో అవుననేస్తున్నారని గమనించి, 1976లో ఆ ప్రాంతపు, అంటే నార్తర్న్ టెరిటరీ సుప్రీంకోర్టు అనుంగా నిబంధనలని కొన్ని నియమాలే పెట్టింది. అందుకని అవును, కాదు అనే జవాబు వచ్చేలా అడగకు. 'ఈ ఫోటో ఎవరెవరు చూడొచ్చు? ఎక్కడ పెట్టమంటారు? ఇంకెవర్నైనా అడగాలా?' అని అడుగు, అడిగి వచ్చేయి. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వెళ్లు. 'తర్వాత చూద్దాం' అన్నా, 'షేమ్' (సిగ్గుగా ఉంది) అని తల తిప్పుకున్నా, మాట మార్చినా అది వద్దనడమే. మళ్లీ అడక్కు.

పిల్లలు మాత్రం పరిగెత్తుకొచ్చి తీయమని గోల చేస్తారు. తీయి, స్క్రీన్ మీద చూపించు, వాళ్లతో కలిసి నవ్వు. ఇంట్లో పెద్దవాళ్లు సరేననే దాకా అవి కెమెరా దాటి ఎక్కడికీ వెళ్లకూడదు. ఆ పెద్దవాళ్లు అమ్మానాన్నలే అవ్వాలని లేదు, అమ్మమ్మో పిన్నో కావచ్చు. టీచరు సరేనంటే సరిపోదు.

మన ఇళ్లలో మనిషి పోతే ఫోటో పెద్దది చేయించి, దండ వేసి, హాల్లో పెడతాం. అక్కడ చాలా కుటుంబాల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. మనిషి పోయాక కొంతకాలం ఆ పేరు పలకరు, ఫోటో చూడరు. ఆస్ట్రేలియా టీవీలో కార్యక్రమం ముందు చనిపోయినవాళ్ల చిత్రాలు ఉండొచ్చని హెచ్చరిక వేసేది అందుకే. ఎంతకాలమన్నది కుటుంబాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. కొందరు కొన్నేళ్లకి ఫోటో మళ్లీ బయటికి తీయమంటారు, కొందరు అంత్యక్రియలకే ఫోటో కావాలంటారు. నువ్వు ఊహించకు, ఇంటివాళ్లనే అడుగు. ఊళ్లో 'సారీ బిజినెస్' నడుస్తోందని తెలిస్తే, అంటే చావు జరిగి అందరూ దుఃఖంలో ఉంటే, కెమెరా తీసుకుని ఆ ఛాయలకే పోవద్దు.

ఉలూరు అనే పెద్ద రాతికొండ చూడ్డానికి ఎలాగూ వెళ్తావు. 1985లో ఆ నేలను అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకి తిరిగిచ్చారు, 2019 నుంచి కొండ ఎక్కడం ఆపేశారు. చుట్టూ నడిచే దారిలో కొన్నిచోట్ల ఫోటో తీయవద్దని బోర్డులుంటాయి. అక్కడ రాతి మీది గుర్తులు వాళ్లకి ధర్మగ్రంథంతో సమానం, ఆ చోటికి వచ్చే చూడాలి. ఎవరూ చూడట్లేదు కదా అని తీయకు.

ఊళ్లోని టాడ్ నది చాలావరకు ఎండిపోయే ఉంటుంది, ఇసుకలో చెట్ల కింద కొందరు కూర్చుని ఉంటారు. తాగి పడున్నవాళ్లూ కనిపిస్తారు. వచ్చిన ప్రతివాడూ ఆ ఫోటో తీస్తాడు. నువ్వు తీయకు. బీదతనం దాచమని నేననడం లేదు, కానీ స్పృహలో లేని మనిషిని ఎలా అడుగుతావు? మన ఫ్యామిలీ గ్రూప్‌లో ఒకసారి పడిందంటే సాయంత్రానికి విజయవాడ నుంచి డల్లాస్ దాకా పోతుంది, దాని కింద ఎవరేం రాస్తారో నీకూ తెలుసు. మాల్‌లో బొమ్మలు వేసి అమ్మే ఆడవాళ్లుంటారు. బొమ్మ కొన్నంత మాత్రాన ఆవిడ ఫోటో మీద నీకు హక్కు రాదు, బొమ్మ కాపీరైటూ ఆవిడదే. డబ్బిస్తే తీసుకోనిస్తానంటే చిన్నబుచ్చుకోకు, ముందే మాట్లాడుకుని ఇవ్వు.

మంచి ఫోటో ఎలా ఉంటుందంటావా? మెర్విన్ బిషప్ 1975లో తీసింది చూడు. ఆయన ఆదివాసీ ఫోటోగ్రాఫరే. గురింజి అనే ఆదివాసీ ప్రజలు తమ భూమి కోసం తొమ్మిదేళ్లు పోరాడాక ప్రధాని విట్లమ్ వచ్చి వాళ్ల నాయకుడు విన్సెంట్ లింగియారి అరచేతిలో మట్టి పోస్తున్న ఫోటో అది. పట్టా కాగితం లింగియారి రెండో చేతిలో ఉంటుంది, వెనకంతా నీలాకాశం. అసలు కార్యక్రమం నీడలో జరిగింది, ఫోటో సరిగా రాలేదని బిషప్ వాళ్లిద్దర్నీ ఎండలోకి వచ్చి ఇంకోసారి పోయమని అడిగాడు. వాళ్లు వచ్చారు. అడిగి తీసిందే కదా, దానివల్ల ఆ ఫోటోకి ఏం తగ్గింది?

తీసినవి వెనక్కి ఇవ్వడం మర్చిపోవద్దు. లింకు పంపితే చాలదు, ఫోన్లు పోతుంటాయి, డేటా అయిపోతుంది. కాగితం మీద ప్రింట్ తీయించి, ఒక్కొక్కరికీ రెండు కాపీలు, నువ్వే తీసుకెళ్లి ఇవ్వు. అనంగు ఊళ్లలో 1994 నుంచి ఆరా ఇరిటిజా అనే పని జరుగుతోంది. ఎక్కడెక్కడో మ్యూజియంలలో, మిషన్లలో, అల్మారాల్లో ఉండిపోయిన పాత ఫోటోలు సేకరించి వాళ్లకే అందిస్తారు. ఇంటివాళ్లు దుఃఖంలో ఉంటే ఆ ఫోటో కనిపించకుండా మూసేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. నువ్వూ చిన్న ఎత్తున అదే చెయ్యి. ఒక నోటుబుక్కు పెట్టుకో: ఎవరి ఫోటో, ఎవరు సరేనన్నారు, ఎక్కడిదాకా సరేనన్నారు, వాళ్లను ఎలా కలుసుకోవాలి. ప్రింట్ వెనక నీ నంబరు రాయి. ఎప్పుడైనా ఎవరైనా ఫోన్ చేసి తీసేయమంటే, ఎందుకని అడక్కుండా ఆ రోజే తీసెయ్యి, నువ్వు పంపినవాళ్లకి కూడా చెప్పి తీయించు.

ప్రింట్లకి డబ్బు గురించి ఆలోచించకు, మొదటి విడతకి నేను పంపిస్తాను. అక్కడ దుమ్ము ఎక్కువ, కాబట్టి లామినేషన్ చేయించు.

ఆశీస్సులతో,
బాబాయ్
అడిలైడ్