కొత్త రంగు కింద పాత బోటు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది ఉప్పాడ దగ్గర పల్లె. 28 అడుగుల ఫైబర్ బోటు ఒకటి బేరానికొచ్చింది. పదేళ్ల నాటిదంటున్నారు. నీలం రంగు వేసి నిగనిగలాడుతోంది, డీజిల్ ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంటోంది. బాగు చేయించి వాడుకుందామని ఉంది. ఏమేం చూసుకుని బయానా ఇవ్వాలి?

జవాబు: ముందు ఆ నీలం రంగునే అనుమానించండి. అమ్మకానికి పెట్టిన వారంలో రంగు పడిందంటే, ఆ రంగు కింద అతుకులున్నాయనే లెక్క. ఇంజను సంగతి తర్వాత. ఇంజను పోతే ఇంకోటి దించుకుంటారు, నీళ్లలో తిరిగే ఫ్యాను వంగితే కొత్తది వేస్తారు. బోటు డొక్క కుళ్లితే మార్చడానికేమీ ఉండదు. మీరు డబ్బిచ్చి కొనేది డొక్కనే.

బోటును ఒడ్డుకు లాగించి, కింద దుంగలు వేయించి, అడుగుభాగం చేతికందేలా ఎత్తించండి. పావు కిలో లోపు చిన్న సుత్తి తీసుకుని అణియం (ముందు కొస) నుంచి అమరం (వెనక కొస) దాకా జానెడుకొక దెబ్బ చొప్పున మెల్లగా కొట్టుకుంటూ రండి. ఖంగుమంటే పొరలు కలిసి ఉన్నట్టు. తడిసిన డప్పులా బొదబొదమంటే పొరలు విడిపోయాయి, లేదా లోపల చెక్క నానింది. మోత మారిన చోటల్లా సుద్దముక్కతో చుట్టూ గీయండి. కొట్టడం పూర్తయ్యాక దూరంగా నిలబడి చూస్తే బోటు జాతకం గోడ మీద బొమ్మలా కనిపిస్తుంది. అరచేయంత మచ్చలు మూడో నాలుగో అయితే బేరంలో తగ్గించుకుని కొనవచ్చు. అడుగు పొడవునా చారలాగా డొల్ల మోగితే, ఊరికే ఇచ్చినా వద్దు.

మన తీరంలో ఫైబర్ బోట్లకు వచ్చే అసలు జబ్బు ఇసుక. రేవు లేని పల్లెల్లో రోజూ ఒడ్డుకు లాగాల్సిందే. అడుగు మధ్యగీత వెంట పైపూత అరిగి, గాజు పీచు బయటికి తేలుతుంది. ఆ పీచు వెంట నీరు లోపలికి పాకుతుంది. రంగు కింద అది కంటికి కనిపించదు. అరచేత్తో రాయండి, గరుకు తగులుతుంది. పొక్కుల్లాంటివి కనిపిస్తే ఒకటి రెండు సూదితో పగలగొట్టండి. పుల్లటి వాసనతో జిగట నీరు వచ్చిందంటే పూత కిందికి ఎప్పుడో నీరు దిగిందన్నమాట.

తర్వాత అమరం. ఇంజను బరువు మోసే అడ్డగోడలో, ఇంజను కూర్చునే దిమ్మెల్లో ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్డో దూలమో ఉంటుంది. బోల్టు రంధ్రాల నుంచి నీరు దిగి అది లోలోపల నానుతుంది. ఇంజను నడుస్తుండగా అమరం మీద చెయ్యి వేసి చూడండి. గోడ ఊగుతుంటే చెక్క పోయినట్టే. అమ్మేవారు ఒప్పుకుంటే లోపలి వైపు నుంచి 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రెండు మూడు చోట్ల పొడవండి. పొడి గోధుమ రంగు పొట్టు రాలితే మంచిది. నల్లటి తడి పిండి వస్తే అమరం మొత్తం విప్పి చెక్క మార్చాల్సిందే. పొట్టు చూశాక రంధ్రాలు ఫైబర్ పనికి వాడే జిగురు, అంటే రెజిన్‌తో మూసెయ్యాలి, లేకపోతే మీరు చేసిన పరీక్షే కొత్త జబ్బు తెస్తుంది.

తేలడానికి ముందూ వెనకా మూసిన గదుల్లో నురుగు దిమ్మెలు నింపి ఉంటారు. అవి నీరు పీల్చితే బోటు బరువెక్కుతుంది. ఎనిమిదిమంది లాగే బోటుకు పన్నెండుమంది కావాల్సి వచ్చిందంటే కారణం అక్కడ వెతకండి.

ఇవన్నీ అయ్యాక గాని నీళ్లలోకి దించకండి. దించినప్పుడు ఖాళీ బోటుతో షికారు కొట్టి రాకూడదు. వల, ఐసు బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేసి గంటసేపు నడిపించండి. వెళ్లేముందు అడుగు పొడిగా తుడిచి ఉంచి, వచ్చాక ఎన్ని చెంబుల నీరు చేరిందో చూడండి. ఇంజను మాత్రం మీరు చూడ్డానికి వెళ్లేసరికి చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచితే ఎంత ముసలి ఇంజనైనా ఒక్క తిప్పుకే అందుకుంటుంది. వేడెక్కాక కూడా నీలి పొగ వస్తూనే ఉంటే ఆయిలు మండుతోంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు కలిసిన టీలా ఉంటే అందులో నీరు కలిసింది.

ప్రశ్న: కొన్న ఫైబర్ బోటు అడుగు అరిగింది. మేమే పొరలు వేసుకుందామనుకుంటున్నాం. రెజిన్, మ్యాటు ఎంత కావాలి? ఎవరి లెక్క వాళ్లు చెబుతున్నారు.

జవాబు: లెక్క తేలికే. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాటు (గాజు పీచు చాప) ఒక పొర వేస్తే సుమారు 1 మిల్లీమీటరు మందం వస్తుంది. మ్యాటు బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్ల రెజిన్ పడుతుంది. అడుగు మధ్యగీత వెంట 6 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పున నాలుగు పొరలు వేయాలనుకుందాం. పొరకు 1.2 చదరపు మీటర్లు, నాలుగింటికి 4.8. అంటే మ్యాటు సుమారు 2.2 కిలోలు, రెజిన్ 5 కిలోలు. డబ్బాకీ బ్రష్షుకీ అంటుకుపోయేది కలుపుకుని 6 కిలోలు తెచ్చుకోండి. రెజిన్‌లో ఐసోథాలిక్ రకం అడగండి. మామూలు రకం కన్నా ధర ఎక్కువే గాని, ఉప్పునీటికి తట్టుకుంటుంది.

రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు, అంటే కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు. మే నెల ఎండలో తక్కువ వైపే ఉండండి. ఎక్కువ పోస్తే డబ్బాలోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. అందుకే ఒక్కసారి కిలోకు మించి కలపొద్దు. గట్టిపడడాన్ని వేగిరం చేసే ఊదారంగు కోబాల్టును ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డెనర్ పోయాలి. కోబాల్టునూ హార్డెనర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ కలపకూడదు, ఒకే గరిటె వాడకూడదు. అవి రెండూ కలిస్తే మంటలు లేస్తాయి, పేలతాయి కూడా. షెడ్డులో ఆ రెండు సీసాలూ పక్కపక్కన కనిపిస్తే ముందు వాటిని విడదీసి, తర్వాత పని మొదలుపెట్టండి.

వేసిన అతుకు ఊడిపోవడానికి కారణం చాలాసార్లు కింద సరిగ్గా గీరకపోవడమే. గ్రైండరుకు 40 నంబరు గరుకు బిళ్ల తగిలించి, రంగూ పాత పూతా పోయి గాజు పీచు మాసిన తెలుపులో కనిపించేదాకా గీరాలి. చిల్లు పడిన చోట అయితే చుట్టూ వాలుగా గీరండి. డొక్క మందం 6 మిల్లీమీటర్లుంటే వాలు ప్రతి వైపూ 7 సెంటీమీటర్ల దాకా రావాలి. గీరాక మంచినీళ్లతో కడిగి, ఉప్పు పోయాక నాలుగైదు రోజులు ఎండనివ్వండి. ఎసిటోన్‌తో తుడిచి వెంటనే పని మొదలుపెట్టండి. ముందెవరో ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్దతో పూడ్చి ఉంటే, అది ఆనవాలు లేకుండా తీసెయ్యండి. దాని మీద మనం వాడే పాలిస్టర్ రెజిన్ సరిగ్గా పట్టదు. ఒక్కో పొర వేశాక రోలరుతో గాలి బుడగలు నొక్కెయ్యాలి. ఒక విడతకు మూడు నాలుగు పొరలు చాలు.

ఇంకో మాట. తేలే గదుల్లో థర్మోకోల్ కుక్కి, దాని మీదే రెజిన్ పూయబోయేవాళ్లున్నారు. రెజిన్ తగలగానే థర్మోకోల్ ఐసులా కరిగిపోతుంది. అక్కడ పాలియురెథేన్ నురుగు వాడండి.

ప్రశ్న: విశాఖలో సోనా రకం పాత చెక్క మరబోటు చవకగా వస్తోంది. అక్కడక్కడా పలకలు నానాయి. పైన మొత్తం ఫైబర్ తొడిగిస్తే ఇంకో పదేళ్లు ఢోకా ఉండదంటున్నారు. నిజమేనా?

జవాబు: అలా చెప్పేవాళ్లు తొడిగే పని దొరికేవాళ్లే అయి ఉంటారు. చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఫైబర్ తొడుగు దానితో పాటు కదలదు. తడి పలక మీద రెజిన్ అసలు పట్టదు. పైనుంచి, ఐసు గది నుంచి దిగిన నీరు బయటికి పోయే దారి లేక తొడుగుకీ చెక్కకీ మధ్య నిలుస్తుంది. రెండు మూడేళ్లలో బయట నున్నగా, లోపల గుల్లగా తయారవుతుంది. కుళ్లు మీకు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

చెక్క బోటు కొంటే పలకలు మార్చుకునే లెక్కనే కొనండి. స్క్రూడ్రైవరుతో అడుగు దూలం దగ్గరి పలకలు, నీటిగీత చుట్టూ, ముఖ్యంగా ఐసు గది కింద పొడిచి చూడండి. ఉప్పునీరు చెక్కను కొంత కాపాడుతుంది, కుళ్లబెట్టేది ఐసు కరిగిన మంచినీరే. అరంగుళానికి మించి దిగితే ఆ పలక పోయినట్టు. బయట అడుగున గుండుసూది తలంత రంధ్రాలు కనిపిస్తే వదలొద్దు. తొలిచే పురుగు పిల్లగా ఉన్నప్పుడు ఆ సందునే దూరి, లోపల వేలంత లావుకు పెరిగి పలకను తేనెపట్టు చేస్తుంది. మేకుల చుట్టూ నల్లటి మచ్చ, తుప్పు చార ఉంటే అక్కడ చెక్క మేకును పట్టుకోవడం లేదు. కొత్త పలకకు జింకు పూత పూసిన మేకులే వాడండి. ఇనప మేకుల పక్కన రాగి మేకు కొడితే ఇనుము త్వరగా తినుకుపోతుంది. పలకల సందులు పత్తి తాడు దట్టించి లప్పం పెట్టి, అడుగుకు రాగి కలిసిన రంగు వేయించండి. నాలుగో వంతుకు మించి పలకలు మార్చాల్సి వస్తే ఆ బోటు చవక కాదు.

ప్రశ్న: కాగితాలు ఏమేం అడగాలి? ఏ నెలలో కొంటే మంచిది?

జవాబు: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, వేట లైసెన్సు, బీమా. బోటు మీద రాసిన నంబరూ కాగితంలోని నంబరూ ఒకటే కావాలి. ఐఎన్‌డి-ఏపీ అని మొదలై, జిల్లా గుర్తు తర్వాత మరబోటైతే ఎంఎం, మోటారు బిగించిన చిన్న బోటైతే ఎంఓ అని ఉంటుంది. ఇంజను నంబరు కూడా సరిపోల్చండి, ఇంజను మారినా కాగితం మారని బోట్లు ఉంటాయి. పేరు మార్పు బోట్ల రిజిస్ట్రేషన్ జరిగే రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో, మత్స్యశాఖ కార్యాలయం ద్వారా జరగాలి. స్టాంపు కాగితం మీద రాసుకుని ఊరుకుంటే, రాయితీ డీజిల్ దగ్గరా ప్రమాదం జరిగినప్పుడూ బోటు పాత యజమానిదే అవుతుంది. బ్యాంకు అప్పు, రాయితీ పథకం షరతు ఏదైనా దాని మీద ఉందేమో బయానాకు ముందే తేల్చుకోండి. బోటు ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌పాండరు బిగించి ఉంటే అది ఎవరి పేరున ఉందో అడగండి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మార్చిలో నీళ్లలో నడిపించి చూసి బేరం ముగించండి, నిషేధం రోజుల్లో బాగు చేయించండి. మేలో కొంటే నడిపి చూసే వీలుండదు. వడ్రంగులు, ఫైబర్ పనివాళ్లు అప్పుడు ఊపిరి సలపనంత పనిలో ఉంటారు కాబట్టి వాళ్లకు ఫిబ్రవరిలోనే మాటిచ్చి పెట్టుకోండి.

ప్రశ్న: మరబోటు షాఫ్టు గ్లాండు (ఫ్యానును తిప్పే కడ్డీ డొక్కలోంచి బయటికెళ్లే చోటి బిగింపు) దగ్గర ఎంత బిగించినా నీరు కారుతోంది.

జవాబు: బిగించడం ఆపండి. షాఫ్టు తిరుగుతున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి, ఆ నీరే దాన్ని చల్లబరుస్తుంది. అంతకు మించి కారుతుంటే గ్లాండు లోపలి పాత తాడు చుట్లన్నీ లాగేసి కొత్తవి వేయండి. ఒకే తాడును మెలికలు చుట్టకుండా, మూడు విడి చుట్లు కోసి, అతుకులు ఒకే వరసలో రాకుండా వేయాలి. అప్పటికీ కారితే షాఫ్టును చేత్తో పైకీ కిందికీ ఊపి చూడండి. ఆడుతుంటే తప్పు గ్లాండులో లేదు, వెనక బేరింగు అరిగింది, లేదా ఇంజనూ షాఫ్టూ ఒక గీతలో లేవు. ఆ గీతను బోటు నీళ్లలోకి దించి ఒక రోజు తేలనిచ్చాకే సరిచేయించండి, ఒడ్డున దుంగల మీద ఉన్నప్పుడు బోటు ఒంపు వేరుగా ఉంటుంది.