భోగాపురం వైపు స్థలాల రేట్లు నెల జీతాలవాళ్లకు ఎందుకు అందడం లేదు?

విజయనగరంలో అద్దెకుంటూ, ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 50 వేలు వచ్చే దంపతులు భోగాపురం వైపు ఇల్లు కట్టుకోగలరా అని అడిగారు. సూటిగా చెప్పాలంటే, చాలా కష్టం.

2023 మేలో అక్కడి విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగాక విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి, విదేశాల నుంచి కూడా డబ్బు వచ్చి పడింది. కొన్నవాళ్లలో ఎక్కువమంది అక్కడ కాపురం ఉండరు, రేటు పెరిగాక అమ్ముకుంటారు. హైవే దిగి లోపలికి వెళ్తే ఒకప్పటి సరుగుడు తోటల్లో సిమెంటు రోడ్లు, సున్నం కొట్టిన హద్దురాళ్లు, మోకాలెత్తు గడ్డి. సాయంత్రం లైటు వెలిగే ఇల్లు మాత్రం అరుదు. బయటి డబ్బుతో నిలిచిన రేటుకు ఇక్కడి జీతాలతో పనేముంది? తోట అమ్మిన రైతు కొడుకే మళ్లీ అక్కడ నాలుగు గజాలు కొనలేకపోవడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

లెక్క చూడండి. 30 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 26 వేలు. జీతంలో సగం పైనే. ఖాళీ స్థలం కొంటే ఇంటి అద్దె అదనం. రిజిస్ట్రేషన్‌కు దాదాపు 7.5 శాతం, అంటే 20 లక్షల స్థలానికి లక్షన్నర.

నా మాట వింటే టౌన్‌లోనే పాత ఫ్లాట్ చూసుకోండి. అటే కొనాలనుకుంటే ఈసీ (ఆ స్థలం మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లేఅవుట్ ఎల్పీ నంబరు (లేఅవుట్‌కు ఇచ్చిన అనుమతి నంబరు), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.