ఆవకాయ పెట్టే అమ్మకి ఏ మెడికేర్?

అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు వచ్చింది, 65 దాటాయి కదా, మెడికేర్ (పెద్దవాళ్లకి అమెరికా సర్కారిచ్చే ఆరోగ్య బీమా) రాదా అని అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడుగుతుంటారు. వస్తుంది గానీ వెంటనే కాదు. గ్రీన్ కార్డుతో వరసగా 5 ఏళ్లు ఇక్కడ ఉండాలి. మీరెన్నేళ్లు మెడికేర్ టాక్స్ కట్టినా అది కన్నవాళ్ల ఖాతాలోకి రాదు. అందాకా ఒబామాకేర్ ప్లాన్లు (సర్కారు సబ్సిడీతో దొరికే ప్రైవేటు బీమా) చూసుకోవాలి. వాళ్లని మీ టాక్స్‌లో డిపెండెంట్లుగా చూపిస్తే సబ్సిడీకి మీ జీతమూ లెక్కలోకొస్తుందని మరిచిపోకండి.

5 ఏళ్లు నిండాక ఇక్కడ ఉద్యోగం చెయ్యని పెద్దవాళ్లకి పార్ట్ ఎ, అంటే మెడికేర్‌లో ఆసుపత్రి ఖర్చుల భాగం, ఉచితం కాదు. 2026లో మనిషికి నెలకి 565 డాలర్లు. డాక్టర్ల ఖర్చులకిచ్చే పార్ట్ బి మరో 202.90. ఈ రెండోది అసలు ఖర్చులో పావు వంతే, మిగతాది సర్కారే భరిస్తుంది. చేరడానికి 7 నెలల గడువుంటుంది: నిండే నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు. అది దాటితే పార్ట్ బి మీద ఆలస్యమైన ప్రతి నిండు ఏడాదికీ 10 శాతం అదనం, అదీ పార్ట్ బి ఉన్నన్నాళ్లూ.

అసలు తికమక ఆ తర్వాతే. టీవీలో ఊదరగొట్టేవి అడ్వాంటేజ్ ప్లాన్లు, అంటే సర్కారు బదులు ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్. అదనపు ప్రీమియం సున్నా, పళ్లకీ కళ్లజోళ్లకీ కూడా ఇస్తామంటారు. మా అమ్మకి నేనూ అదే తీసుకున్నాను. అమ్మేమో దసరాకి గుంటూరు వెళ్తే ఆవకాయ పెట్టుకుని గానీ తిరిగి రాదు. వరసగా 6 నెలలకి మించి ప్లాన్ ఏరియాలో లేకపోతే పేరు తీసేస్తారట. ఆ సంగతి వాళ్ల ఉత్తరం వచ్చాకే మాకు తెలిసింది. చిన్న అక్షరాలు చదవని నేరం నాదే.

ఊరికి రాకపోకలున్నవాళ్లకి సర్కారు నేరుగా నడిపే మెడికేర్ (పార్ట్ ఎ, బి), దానిపైన మెడిగ్యాప్ (మెడికేర్ కట్టగా మన వాటాకి మిగిలే ఖర్చులకిచ్చే ప్రైవేటు పాలసీ) నయమని నా అభిప్రాయం. నెలనెలా ఖర్చెక్కువే, మందులకి పార్ట్ డి విడిగా తీసుకోవాలి. కానీ మెడికేర్ తీసుకునే డాక్టరు దగ్గరికి ఏ రాష్ట్రంలోనైనా వెళ్లొచ్చు. 65 దాటి పార్ట్ బి మొదలైన తొలి 6 నెలల్లో తీసుకుంటే షుగరు, బీపీ ఉన్నాయని కాదనలేరు. తర్వాత చూద్దాంలే అంటే చాలా రాష్ట్రాల్లో కాదనొచ్చు.

మెడికేర్ ఇండియాలో మామూలు వైద్యానికి పైసా ఇవ్వదు. మెడిగ్యాప్‌లో ప్లాన్ జి అనే రకం అయితే ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు వచ్చే ఎమర్జెన్సీకి, 250 డాలర్లు మనం భరించాక, 80 శాతం ఇస్తుంది. జీవితకాలానికి పరిమితి 50,000 డాలర్లు. మిగతా నెలల కోసం అమ్మకి గుంటూరులో విడిగా పాలసీ తీసుకున్నాం.

ఏజెంటుకి ఫోన్ చేసేముందు మీ రాష్ట్రంలో ‘షిప్’ (SHIP, మెడికేర్ మీద సలహాలిచ్చే సర్కారు కార్యక్రమం) సలహాదారులతో మాట్లాడండి. ఉచితం, కమీషన్ గొడవ లేదు. అమ్మ మందుల చీటీ, టికెట్ల తేదీలు దగ్గర పెట్టుకుని కూర్చోండి.