మునిగిందెవరు, మిగిలిందెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఆట మీద: బయోషాక్ ఇన్ఫినిట్. 2013 మార్చిలో వచ్చింది. ఇప్పటికీ సేల్ పెట్టినప్పుడల్లా కొత్తవాళ్ళు కొనుక్కుని, చివరిదాకా ఆడి, తల పట్టుకుని నాకు రాస్తుంటారు. ఆడాలనే ఆలోచన ఉన్నవాళ్ళు ఈ పేజీ తిప్పేయండి. ముగింపు మొత్తం విప్పేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మేం ముగ్గురం మారతహళ్ళిలో ఒకే పీజీలో ఉంటాం. నాది ఒంగోలు, మిగతా ఇద్దరిదీ కడప. చివర్లో ఎలిజబెత్‌లందరూ కలిసి బుకర్‌ని నీళ్ళలో ముంచి చంపేస్తారు. తర్వాత వాళ్ళూ ఒక్కొక్కరే మాయమైపోతారు. తీరా పేర్లన్నీ పడ్డాక చూస్తే బుకర్ తన గదిలో నిద్రలేచి, పాప ఉయ్యాల ఉన్న గది తలుపు తీస్తుంటాడు! చచ్చినవాడు ఎలా లేచాడు? వాడు బతికాడని నేనంటాను. కథ నీళ్ళలోనే అయిపోయింది, ఆ తర్వాతదంతా కల అని కడపోళ్ళిద్దరూ ఒకటే గోల. బిర్యానీ పందెం కట్టుకున్నాం. తీర్పు మీరే చెప్పాలి.
— ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: బిర్యానీ సంగతి చివర్లో చూద్దాం తమ్ముడూ. ముందు మిగతా పాఠకుల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్పనివ్వు.

కాలం 1912. బుకర్ డెవిట్ పీకల్లోతు అప్పుల్లో ఉన్న డిటెక్టివ్. అమ్మాయిని తెచ్చిస్తే అప్పు మాఫీ అన్న మాట పట్టుకుని, కొలంబియా అనే గాల్లో తేలే ఊరికి వెళతాడు. అక్కడ గోపురంలో బందీగా ఉన్న ఎలిజబెత్‌కి ఒక లోకం నుంచి ఇంకో లోకానికి చీలికలు తెరిచే శక్తి ఉంది. ఆ ఊరిని ఏలేది కామ్‌స్టాక్ అనే ప్రవక్త. ఆఖరికి తేలేదేమిటంటే, ఎలిజబెత్ బుకర్ కన్నకూతురే. పేరు అన్నా. 1893లో అప్పు తీర్చుకోడానికి తనే అమ్మేశాడు. కొనుక్కున్న కామ్‌స్టాక్ కూడా పరాయివాడు కాదు, ఇంకో లోకంలోని బుకరే.

ఒకే మనిషి ఇద్దరుగా ఎక్కడ విడిపోయాడన్నదే అసలు విషయం. 1890 డిసెంబరులో సౌత్ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా జనాన్ని ఆడవాళ్ళు, పిల్లలు అని చూడకుండా ఊచకోత కోసింది. ఇది కల్పన కాదు, చరిత్ర. బుకర్ ఆ సైనికుల్లో ఒకడని ఆట చెబుతుంది. ఆ పాపం మోయలేక నది ఒడ్డున బాప్తిస్మం తీసుకోడానికి వెళతాడు. ఒక లోకంలో నీళ్ళలో మునిగి లేచి, ఇక నా పాపం పోయిందనుకుని కామ్‌స్టాక్ అని కొత్త పేరు పెట్టుకుంటాడు. ఇంకో లోకంలో చివరి నిమిషంలో వద్దని వెనక్కి తిరుగుతాడు. తిరిగినవాడు బుకర్‌గానే మిగిలి, తాగి, జూదమాడి, అప్పులు చేసి, చివరికి కూతుర్ని అమ్ముకున్నాడు.

కడప వాళ్ళ వాదనని తీసిపారేయలేం. కామ్‌స్టాక్‌ని వేరులోనే తుంచాలంటే ఆ ఎంపిక జరగకముందే ముంచాలని ఎలిజబెత్ తన నోటితోనే అంటుంది. మీకు తెలిసిన దారిలోనే చెబుతాను. ఇందిరానగర్ వైపు నుంచి వస్తే టిన్ ఫ్యాక్టరీ దాటాక దారి చీలుతుంది. నేరుగా పోతే కేఆర్ పురం, కుడికి తిరిగితే మీ మారతహళ్ళి. చీలికకి ముందే రోడ్డు మూసేస్తే ఏ బండీ ఎటూ పోదు. అంటే కామ్‌స్టాక్ ఉండడు, బుకర్ ఉండడు, అన్నా పుట్టనే పుట్టదు. మాట ప్రకారం చూస్తే ఇది తిరుగులేని లెక్క.

కానీ ఆటలో మాట కన్నా బొమ్మని నమ్మాలన్నది నా పద్ధతి. ముంచడం ఎక్కడ జరిగింది? నీళ్ళలో. వద్దని వెనక్కి తిరిగినవాడు ఆ నీళ్ళలో తల పెట్టలేదు కదా! మునగడానికి ఒప్పుకున్నవాడే మునుగుతాడు. తేడా అల్లా, ఈసారి పైకి లేవడు. రోడ్డు మూసింది చీలికకి ముందు కాదు, చీలిక దాటాక కేఆర్ పురం వైపు. మారతహళ్ళి దారి తెరిచే ఉంది.

ఇంకో సాక్ష్యం, బుకర్ బల్ల మీది క్యాలెండర్. పేర్లు పడ్డాక వచ్చే ఆ గదిలో దాని మీద తేదీ 1893 అక్టోబరు 8. పాపని అమ్మేసిన రోజే అది. కల అయితే ఆ తేదీ అంత పనిగట్టుకుని చూపించక్కర్లేదు. ఆ రోజు తలుపు కొట్టాల్సిన కొనుగోలుదారు ఈ లోకంలో పుట్టనే లేదు. కాబట్టి ఉయ్యాలలో పాప ఉండాలి. ఉందని మాత్రం ఆట చెప్పదు. అన్నా, నువ్వేనా అని పిలుస్తూ అతను తలుపు తోస్తాడు, అంతే, తెర నల్లబడిపోతుంది. అంత ఊరించి కట్ చేశారేంటని నాకూ ఒళ్ళు మండింది.

ఎలిజబెత్‌లు ఒక్కొక్కరే మాయమయ్యేటప్పుడు ఒక్కో పియానో స్వరం వినిపిస్తుంది. ఆఖరి అమ్మాయి ఇంకా నిలబడి ఉండగానే తెర కట్ అవుతుంది. అంటే ఒకరు మిగిలారని కొందరి వాదన. నాకది అంత బలంగా అనిపించలేదు.

నాకు బలంగా అనిపించింది నీళ్ళు. ఒకసారి మొదటికి వెళ్ళి చూడండి. కొలంబియాకి బయల్దేరే లైట్‌హౌస్‌లోకి అడుగు పెట్టగానే ఒక తొట్టె, పైన ఫ్రేములో నీ పాపాలు కడుగుతానన్న రాత. బుకర్ దాన్ని చూసి వెటకారంగా ఒక మాట విసిరి ముందుకెళతాడు. కొలంబియాలోకి పోవాలంటే బాప్తిస్మం తీసుకోక తప్పదు, అక్కడి పాస్టరు అతన్ని ముంచీ ముంచీ ఊపిరాడకుండా చేస్తాడు. చివర్లో మళ్ళీ అదే నది. అనుకోకుండా కుదిరిన వరస కాదిది. బుకర్, కామ్‌స్టాక్ ఇద్దరూ చేసిన నేరం ఒకటే. ఒకడు అది చేశానని తెలిసి బతికాడు, ఇంకోడు కడిగేసుకున్నాననుకుని ఏకంగా ఊరే కట్టుకున్నాడు. ఆట కోపమంతా ఆ రెండోవాడి మీద. నా దృష్టిలో ఆ నదిలో చచ్చింది తేరగా దొరికిన క్షమాపణ.

అలాగని బుకర్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. బసవనగుడిలో మా ఇంట్లో నేను ఇది ఆడుతుంటే, నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మ మంచం మీద కూర్చుని చూసింది. లోకాల గొడవంతా నేను విడమరిచి చెబుతుంటే మధ్యలో ఆపి, “ఏ లోకమైతే ఏంటే, కూతుర్ని అమ్ముకున్నోడికి ఆ శాస్తి కావాల్సిందే” అంది. అమ్మాక మనసు మారి పరిగెత్తుకొచ్చి పాపని లాక్కోబోయాడమ్మా అన్నాను. నిజమే, సందులో పాపని లాగుతుంటే లోకాల మధ్య చీలిక మూసుకుపోయి ఆ పసిదాని చిటికెనవేలి కొన తెగిపోతుంది. పెద్దయ్యాక ఎలిజబెత్ ఆ వేలికి కుట్టుపని చేసేవాళ్ళు పెట్టుకునే లోహపు తొడుగు పెట్టుకుని కనిపిస్తుంది. ఒంట్లో ఒక ముక్క ఒక లోకంలో, మిగతాదంతా ఇంకో లోకంలో ఉండిపోవడం వల్లే ఆమెకి ఆ శక్తి వచ్చి ఉండొచ్చని లూటెస్ అనే శాస్త్రవేత్త ఊహ. అమ్మ ఆ తొడుగుని చాలాసేపు చూసింది. తీర్పు మాత్రం మార్చుకోలేదు.

ఇక పందెం. నువ్వే గెలిచావు, బిర్యానీ ఖర్చు కడపోళ్ళది. కానీ కూల్‌డ్రింకులు నువ్వు పెట్టుకో. ఎందుకంటే ముంచడంతో కామ్‌స్టాక్ అన్ని లోకాల్లోనూ తుడిచిపెట్టుకుపోయాడని నువ్వనుకుంటుంటే అది తప్పు. తర్వాత విడుదల చేసిన బరియల్ ఎట్ సీ అనే రెండు భాగాల అదనపు కథలో ఒక కామ్‌స్టాక్ మిగిలే ఉంటాడు. అతని లోకంలో చీలిక మూసుకుపోయినప్పుడు తెగింది పాప వేలు కాదు, తల. ఆ పని చేశాక తట్టుకోలేక సముద్రం అడుగున రాప్చర్ అనే నగరానికి పారిపోయి, అంతా మర్చిపోయి, మళ్ళీ బుకర్‌నని చెప్పుకుని బతుకుతుంటాడు. అతన్ని వెతుక్కుంటూ ఎలిజబెత్ అక్కడికే వస్తుంది. లెక్కలేనన్ని లోకాలున్నాయని మీరే చెప్పి, ఒక్క నదిలో అందర్నీ ముంచేశామంటే ఎలా కుదురుతుంది? తయారుచేసినవాళ్ళే ఆ చిల్లు చూసుకుని, దాంట్లోంచి ఇంకో కథ లాగారు. నాకైతే తెలివైన పనే అనిపించింది.

ప్రశ్న: నమస్తే మేడమ్. లాకెట్‌కి పక్షి బొమ్మా పంజరమా, బంతి ఎవరి మీద వేయాలి అంటూ ఆట అడుగుతూనే ఉంటుంది. ఏది నొక్కినా ముగింపు ఒక్కటే. ఇది ఆడేవాళ్ళని మోసం చేయడం కాదా?
— ఒక విద్యార్థిని, అన్నానగర్, చెన్నై

జవాబు: మోసమే అయితే ముందే చెప్పి చేసిన మోసం. జాతరలోకి వెళ్ళగానే లూటెస్‌లిద్దరూ, అంటే ఒకే శాస్త్రవేత్త ఒక లోకంలో ఆడ, ఇంకో లోకంలో మగగా పుట్టిన జంట, ఎదురై నాణెం ఎగరేయమంటారు. గుర్తుందా? ఇద్దరిలో మగవాడి మెడలో ఒక పలక. బొమ్మ కింద గీతలే గీతలు, బొరుసు కింద ఖాళీ. అతను వెనక్కి తిరిగితే వీపు మీది పలక కూడా గీతలతో నిండి ఉంటుంది. అన్నీ కలిపి 122. అంటే నీకన్నా ముందు అంతమంది బుకర్‌లు వచ్చారు, అందరికీ బొమ్మే పడింది, అందరూ ఓడిపోయారు. లైట్‌హౌస్‌లో గంటలు కొట్టే వరస కూడా ఒకటి, రెండు, రెండు. ఇలాంటివి దొరికినప్పుడు నాకు భలే సరదా.

మారనివి ఉంటాయి, మారేవి ఉంటాయి. ఆటలో మళ్ళీ మళ్ళీ వినిపించే మాట ఇదే. జాతర లాటరీలో నీకు వచ్చిన 77వ నంబరు బంతి, వేర్వేరు జాతులవాళ్ళని వేదిక మీద కట్టేసిన జంట మీద వేయబోయినా, లాటరీ నడిపే వ్యాఖ్యాత మీద వేయబోయినా, నీ చేతి మీది ముద్ర చూసి పోలీసులు పట్టుకుంటారు. అది మారదు. కాకపోతే జంట పక్షాన నిలబడితే, తర్వాత వాళ్ళు కనిపించి కృతజ్ఞతగా ఒక వస్తువిస్తారు. నువ్వు ఎంచిన లాకెట్ కూడా ఎలిజబెత్ మెడలో ఉండిపోతుంది. ఇవి చిన్నవే, కాదనను.

నా ఫిర్యాదు వేరే ఉంది. ఇంత ఆలోచన చేసినవాళ్ళు మధ్యలో గంటల తరబడి అవే కాల్పులు పెట్టారు. కామ్‌స్టాక్ భార్య లేడీ కామ్‌స్టాక్ దెయ్యంతో మూడుసార్లు పోరాడించడం ఏంటి? ఏ లోకంలోనైనా ఒకసారి చాలదా?

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మనవడు ఈ ఆట చూపించి, సమాంతర విశ్వాలు సైన్సులో రుజువైపోయాయని అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, రాజాజీనగర్, బెంగళూరు

జవాబు: రుజువు కాలేదు మాస్టారూ. కానీ గట్టి శాస్త్రవేత్తలే సీరియస్‌గా తీసుకున్న ఆలోచన. 1957లో ప్రిన్స్‌టన్‌లో హ్యూ ఎవరెట్ అనే కుర్రాడు తన పరిశోధన గ్రంథంలో ఇలా ప్రతిపాదించాడు. క్వాంటమ్ కొలతలో, అంటే అణువుల్లాంటి అతి చిన్న వాటి మీద చేసే కొలతలో, రెండు ఫలితాలకీ అవకాశం ఉంటే, ఒకటి ఉండి ఇంకొకటి మాయం కాదు, రెండూ జరుగుతాయి, వేర్వేరు శాఖల్లో. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అతను భౌతికశాస్త్రం వదిలేసి రక్షణ శాఖ లెక్కల పనిలోకి వెళ్ళిపోయాడు. 1970లో ఒక వ్యాసం రాసి దాన్ని మళ్ళీ జనంలోకి తెచ్చిన భౌతికశాస్త్రవేత్త పేరు బ్రైస్ డెవిట్. మన బుకర్ ఇంటిపేరూ అదే! ఇది మీ మనవడికి చెప్పండి, ఎగిరి గంతేస్తాడు.

రెండు తేడాలు కూడా చెప్పండి. ఎవరెట్ లెక్కలో శాఖలు చీలేది క్వాంటమ్ స్థాయి ఘటనల వల్ల, మనిషి నది ఒడ్డున మనసు మార్చుకున్నాడని కాదు. ఇంకోటి, విడిపోయిన శాఖ నుంచి పక్క శాఖలోకి తలుపు తీసుకుని పోవడం ఆ సిద్ధాంతంలో లేదు. ఆట నడిచేదే ఆ తలుపుల మీద.

మీకు దగ్గరి కథ ఒకటి ఉంది. యోగవాసిష్ఠంలోని లీల ఉపాఖ్యానం. దీన్ని మడికి సింగన ఎప్పుడో తెలుగు పద్యాల్లో చెప్పాడు. చనిపోయిన భర్త ఏమయ్యాడని లీల అడిగితే, ఆ గదిలోనే ఇంకో లోకంలో అతను ఇంకో రాజుగా బతుకుతుండడం సరస్వతి చూపిస్తుంది. అక్కడ ఇంకో లీల కూడా ఉంటుంది. ఇద్దరు లీలలూ ఎదురుపడే ఘట్టం మనవడికి చదివి వినిపించండి, ఆట ఎలాగూ వాడు మీకు చూపించాడు.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఫ్రెండ్స్ అంతా ఆడుతున్నారని ఇదే ఆట కావాలంటున్నాడు. కొనివ్వాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఇప్పుడొద్దండి. యూరప్‌లో దీనికి 18 ఏళ్ళ రేటింగ్, అమెరికాలో 17. ఆ రేటింగులు ఊరికే ఇవ్వలేదు, మొదటి గంటలోనే ఒక పోలీసు మొహం ఇనుప కొక్కేల చక్రంలో నలిగిపోతుంది. బదులుగా 2011లో వచ్చిన పోర్టల్ 2 కొనివ్వండి. గోడకి కన్నాలు పెట్టి దారులు కనిపెట్టే పజిళ్ళు, ఇంత నెత్తుటి రచ్చ ఉండదు. మరుసటి ఏడాది ఉచితంగా ఇచ్చిన అదనపు భాగంలో సమాంతర విశ్వాల జోకులు కూడా ఉన్నాయి, కాబట్టి ఫ్రెండ్స్ ముందు వాడికేం నామోషీ ఉండదు. ఇద్దరు కలిసి ఆడే పద్ధతీ ఉంది. రెండో కంట్రోలర్ మీరు తీసుకోండి.