మూశామా, మూసిందా, తెగిందా?

సందేహం: వెబ్ పేజీల్లోనూ, వెనకాల విడిగా నడిచే కోడ్‌లోనూ (వర్కర్లలో) వెబ్‌సాకెట్ కనెక్షన్లను, అంటే బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య తెరిచి ఉండే దారులను, టెస్ట్ చేసి తెలుగులో రిపోర్ట్ రాస్తుంటాను. ‘కనెక్షన్ మూయబడింది’ అని రాస్తే మా టీమ్‌లో నవ్వుతున్నారు. ‘మూసుకుంది’ అనాలని ఒకరు, ‘తెగిపోయింది’ అనాలని ఇంకొకరు. ఏది సరైనది? – ఒక టెస్టర్

సమాధానం: ‘మూయబడింది’ వ్యాకరణానికి తప్పు కాదు. కానీ అందులో కర్త మాయమైపోతాడు. టెస్ట్ రిపోర్ట్ చదివేవారికి కావలసింది ఆ కర్తే! పేజీలోని కోడ్ క్లోజ్ అని పిలిస్తే ‘మూశాం’. సర్వర్ ముగింపు సందేశం పంపితే ‘సర్వర్ మూసింది’. అదేమీ లేకుండా నెట్ పోయి కనెక్షన్ ఆగితే ‘తెగిపోయింది’.

ఈ మూడో సందర్భంలో మీకు, కనెక్షన్ ఎలా ముగిసిందో చెప్పే కోడ్‌గా 1006 కనబడుతుంది. దాన్ని చూసి ‘సర్వర్ 1006 పంపింది’ అని రాసేవాళ్లున్నారు. భాష బాగానే ఉంది, విషయమే తప్పు. ఆ కోడ్‌ను ఎవరూ పంపరు, పంపకూడదని 2011 నాటి వెబ్‌సాకెట్ ప్రమాణంలోనే ఉంది. బ్రౌజర్ తనంతట తాను వేసుకునే అంకె అది. అసలు కనెక్షన్ కుదరకపోయినా అదే అంకె వస్తుంది. అప్పుడు ‘తెగిపోయింది’ అన్నా కుదరదు. కలవనిది తెగదు కదా! ‘కలవలేదు’ అనండి.

‘మూసుకుంది’ని తోసిపుచ్చనక్కర్లేదు. ఎవరు మూశారన్నది కాక, స్థితి మాత్రమే చెప్పాలంటే అదే నయం. రెడీస్టేట్ (కనెక్షన్ ఏ దశలో ఉందో చెప్పే అంకె) 2లో ఉంటే ‘మూసుకుంటోంది’, 3కి వస్తే ‘మూసుకుంది’.

ఇదే పేచీ తెరవడంలోనూ ఉంది. కొత్త వెబ్‌సాకెట్ సృష్టించిన వెంటనే ‘తెరిచాం’ అని రాసేస్తుంటారు. అప్పటికి మనం తలుపు తట్టామంతే, రెడీస్టేట్ ఇంకా 0లోనే ఉంటుంది. కనెక్షన్ కుదిరిందని చెప్పే ఓపెన్ ఈవెంట్ వచ్చాకే ‘తెరుచుకుంది’.

వర్కర్ దగ్గరికొస్తే, దాన్ని ‘కార్మికుడు’ అని అనువదించే సాహసం చేయకండి. ‘ఆగాడు’ అని రాయాల్సి వస్తుంది! వర్కర్ ‘ఆగింది’ అంటే చాలు. అయితే పేజీ టెర్మినేట్ చేస్తే ‘ఆపేశాం’ అనాలి. ఆపేశాక లోపలి కోడ్ నడవదు కాబట్టి, కనెక్షన్ ముగిసిందని చెప్పే క్లోజ్ ఈవెంట్‌ను అందుకునేవాళ్లు అక్కడ ఉండరు. వర్కర్ లాగ్‌లో ఏమీ లేదని ‘కనెక్షన్ మూసుకోలేదు’ అని తేల్చేయకండి. సర్వర్ వైపు చూశాకే ఆ వాక్యం రాయండి.